షికారుకు ఏడో నంబరు

నిజాంపట్నంలో షికారుకు బయల్దేరిన మనిషి ఒక ఫర్లాంగు దూరం ఒంటరిగా నడవగలిగాడంటే, ఆ పూట ఊళ్ళో ఏదో పెద్ద పెళ్ళి ఉన్నట్టు. మామూలు రోజుల్లో అది కుదిరే పని కాదు. వెనకాల మోటారుసైకిలు వేగం తగ్గిన చప్పుడవుతుంది. అది పక్కకొచ్చి మనిషితో సమానంగా కదులుతుంది. ఆ తరవాత ప్రశ్న.

"ఎందాకా?"

ఈ చిక్కుకు మూలం భాషలోనే ఉంది. షికారు పారసీ నుంచి వచ్చిన మాట, అసలర్థం వేట. పోనీ వాహ్యాళి అందామా అంటే అది సంస్కృతం, గుర్రాలను తిప్పే బయలు. ఊరికే తిరిగి రావడానికి తెలుగువాడు దాచుకున్న రెండు మాటల్లో ఒకదాని చేతిలో విల్లుంది, ఇంకోదాని కింద గుర్రముంది. ఉత్త చేతులతో, సొంత కాళ్ళ మీద, పనేమీ లేకుండా పోయే మనిషికంటూ ఒక మాట పెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. అరువు తెచ్చుకున్న 'మార్నింగ్ వాక్' ఒకటుంది గానీ అది మందుల చీటీ మీద డాక్టరు రాసేది. కనుక షికారుకు వెళ్ళినవాడు పేరుకు వేటగాడే. నిజాంపట్నం రోడ్డు మీద దొరికిపోయేది మాత్రం అతనే.

గుంటూరు, ప్రకాశం మైదానంలో నడకకు కారణం ఉండి తీరాలి. పత్తి చేలో సాళ్ళ వెంట పోయేవాడు గులాబీ పురుగును చూసుకుంటున్నాడు. మిరప కల్లంలో తిరిగేవాడు తాలుకాయ ఏరుతున్నాడు. ఇక వానాకాలంలో నల్లరేగడి మీద సరదాకు నడిచిన మనిషి చరిత్రలో లేడు. నాలుగడుగులకు చెప్పు కింద ఇంకో చెప్పు మొలుస్తుంది, పదడుగులకు మనిషి రెండంగుళాలు పొడుగవుతాడు, ఇరవయ్యో అడుగులో చెప్పు అక్కడే నిలబడిపోయి కాలొక్కటే ముందుకొస్తుంది. పోనీ ఊళ్ళో తిరుగుదామంటే, సీజన్లో గుంటూరు మిర్చి యార్డు పక్కన చూడదగ్గ దృశ్యాలేమైనా ఉంటే తుమ్ముకూ తుమ్ముకూ మధ్య చూసుకోవలసిందే. అందువల్ల గాలి మార్పు కోరుకున్న గుంటూరు మనిషి తెనాలి మీదుగా రేపల్లె రైలెక్కుతాడు. అక్కడ బస్సు మారి, నైరుతిగా ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా ప్రయాణం చేసి నిజాంపట్నంలో దిగుతాడు. 2022 ఏప్రిల్ దాకా అది గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. ఊరు మాత్రం కదల్లేదు.

ఏటి ఒడ్డున రేవు అని విని వచ్చినవాడు ముందుగా ఏటి కోసం వెతుకుతాడు. కృష్ణ మహాబలేశ్వరం కొండల్లో పుట్టి 1400 కిలోమీటర్లు నడిచి వస్తుంది. విజయవాడ దగ్గర దానికి 1855లో ఆనకట్ట కట్టారు, తరవాత 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. అక్కడ నీళ్ళు కాలవలవుతాయి, కాలవలు పిల్లకాలవలవుతాయి, అవి బోదెలై పొలాల్లోకెళ్ళిపోతాయి. అసలు పాయ తూర్పున దివిసీమ పక్కగా సముద్రంలోకి పోతుంది. ఇటు పొలాల్లో పని ముగించుకున్న నీళ్ళన్నీ మురుక్కాలవల్లో చేరి దక్షిణానికి వస్తే, పోటు మీద ఉప్పునీరు వాటికి ఎదురొస్తుంది. ఆ రెండూ కలిసే చోటికి దగ్గర్లో, సముద్రానికి కాస్త లోపలగా ఉంది నిజాంపట్నం హార్బరు. ఏరేదండీ అని అడిగితే ఒకరు చెయ్యి చాపి "ఇదే" అంటారు. పక్కాయన "అది డ్రైనండీ" అంటాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. అది నదికి పదవీ విరమణ తరవాతి జీవితం. నదిని సైతం దారిలో నిలేసి ఎందాకా అని అడిగిన సీమ ఇది, మనిషిని వదులుతుందా?

ఊరికి అన్యుల్ని చూడటం కొత్తేమీ కాదు. దీని పాత పేరు పెద్దపల్లి. తెల్లవాళ్ళ నోట అది పెటపోలి అయింది. డచ్చివాళ్ళు 1606లో ఇక్కడ కోఠీ పెట్టారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 'గ్లోబ్' ఓడ 1611లో పులికాట్‌కు వెళితే అక్కడి డచ్చివాళ్ళు సాగనివ్వలేదు. అది ఇటొచ్చి, ఇక్కణ్ణుంచి మచిలీపట్నం పోయింది. అందులో పీటర్ ఫ్లోరిస్ అని ఒక వర్తకుడున్నాడు. పుట్టింది డచ్చివాడు, కొలువు ఇంగ్లీషువాళ్ళ దగ్గర, దిగింది పెద్దపల్లిలో. "మీదేవూరు?" అన్న ప్రశ్నకు ఆయన ఎంత సేపు జవాబు చెప్పుకోవలసి వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. అయితే వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. "ఎందుకొచ్చారు?" అంటే చెప్పడానికి గట్టి కారణం ఉంది. ఈ తీరపు ఇసక నేలల్లో చిరివేరు దొరికేది. దాంతో అద్దిన ఎర్రరంగు ఉతికినా వదలదని ఆ రోజుల్లో పేరు. ఆ రంగు కోసం, ఆ బట్ట కోసం సముద్రాలు దాటి వచ్చామంటే ఊరు ఒప్పుకుంది. అదే మనిషి "ఊరికే, చూద్దామని" అని ఉంటే ఆ సాయంత్రమే అనుమానం మొదలయ్యేది.

రాష్ట్రంలో మిగతా జనానికి నిజాంపట్నం ఏడాదిలో మూణ్ణాలుగుసార్లు గుర్తొస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం, అది వాయుగుండమయ్యే సూచన, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు, నిజాంపట్నం హార్బరులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక. ఆ నంబరు వింటూ పెరిగిన తెలుగువాళ్ళు కోట్లలో ఉన్నారు. అది ఎన్ని దాకా ఉంటుందో, ఏ నంబరుకు భయపడాలో, ఏ నంబరుకు భోజనం చేసి పడుకోవచ్చో తెలిసినవాళ్ళు తక్కువ. అందుచేత ఆ వివరం ఇక్కడ ఇవ్వడం అవసరం. షికారుకు దీనితో సంబంధం లేదనిపిస్తుంది. నాలుగు రోజులు ఆ ఊళ్ళో నడిచినవాడికి ఉందని తెలుస్తుంది.

రేవుల్లో హెచ్చరికలు 1 నుంచి 11 వరకు. పగలు స్తంభానికి శంఖులూ పీపాలూ కడతారు, రాత్రి ఎర్రదీపాలూ తెల్లదీపాలూ వెలిగిస్తారు. 1, 2 నంబర్లు దూరపు సంగతి. సముద్రంలో ఎక్కడో గాలి ముడిపడుతోంది, రేవుకు ఇప్పట్లో ఇబ్బంది లేదు, ఓడలు మాత్రం చూసుకోవాలి. షికారులో ఒకటో నంబరంటే టీ బంకు దగ్గర కూర్చున్న మనిషి చేతిలో గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోవడం. రెండంటే ఆ గ్లాసు పక్కన పెట్టి, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, "ఎవరాయన?" అనడం. గ్లాసులో టీ చల్లారిపోయినా ఫరవాలేదు. ఆ పూట అతనికి ఇంతకంటే వేడి సంగతి లేదు.

3, 4 నంబర్లు స్థానికం. గాలివాన రేవుకే రావచ్చు. ఇక్కడ మనుషులు లేచి వస్తారు. మూడు అంటే "ఎందాకా?" నాలుగు అంటే "ఎవరింటికండీ?" మూడుకు "ఇక్కడిదాకే" అని తప్పుకోవచ్చు. నాలుగుకు ఎవరింటికీ కాదని చెప్పడం పెద్ద పొరపాటు. ఎవరింటికీ రానివాడు ప్రభుత్వం తరఫున వచ్చి ఉండాలి. కొలతలకొచ్చారా, చెరువుల సర్వేనా, లోను వాళ్ళా, మీటరు వాళ్ళా అని వరసగా నాలుగు శాఖలు తిరిగి, వేటిలోనూ ఉద్యోగం దొరక్కపోయేసరికి, కళ్ళజోడు చూసి "మేష్టారేమో" అని తీర్మానిస్తారు. అక్కణ్ణుంచి మేష్టారూ అనే పిలుస్తారు. రిటైరయ్యారా అని కూడా అడుగుతారు. ఇంకా పన్నెండేళ్ళ సర్వీసున్న మనిషికి ఈ మాట ఎంత తగులుతుందో అడిగినవాళ్ళకు తెలియదు.

5, 6, 7 నంబర్లు అసలు ప్రమాదం. తుపాను రేవును తనకు ఎడమ పక్కన ఉంచి తీరం దాటితే 5, కుడి పక్కన ఉంచి దాటితే 6, రేవు మీదుగా గానీ దగ్గరగా గానీ దాటితే 7. మోటారుసైకిళ్ళ విషయంలో ఈ వర్గీకరణ ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఎడమ పక్కన ఉంచుకుని పోయినవాడు తల తిప్పి చూస్తాడు. కుడి పక్కన ఉంచుకుని పోయినవాడు చూసి, వేగం తగ్గించి, మనసు మార్చుకుని వెళ్ళిపోతాడు. ఏడో నంబరువాడు ముందుకెళ్ళి, బండి అడ్డంగా తిప్పి, ఒక కాలు నేల మీద పెట్టి, వెనక సీటు చేత్తో తుడిచి, "ఎక్కండి సార్" అంటాడు.

ఏడో నంబరుకు విరుగుడు లేదు. వద్దంటే మొహమాటం అనుకుంటాడు. నడవాలనుందంటే వేళాకోళం అనుకుంటాడు. "మా ఊళ్ళో మీరు నడవడమేంటండీ" అంటాడు. అందులో నిజమైన బాధ ఉంటుంది, ఊరి పరువుకు సంబంధించిన బాధ. ఇంకోసారి వద్దంటే గొంతు తగ్గించి, ముందుకు వంగి, అడగవలసినది అడుగుతాడు.

"షుగరా అండీ?"

ఇక్కణ్ణుంచి 8, 9, 10, మహా ప్రమాదం. లేదంటే నమ్మరు. షుగరు లేనివాడు బండి వదిలి ఎందుకు నడుస్తాడు? ఎంతుంది, తినకముందా తిన్నాకా, మూడు నెలల పరీక్ష చేయించారా, మాత్రా సూదా? ఈలోగా ఇంకో రెండు బళ్ళు ఆగుతాయి. మెంతులు రాత్రి నానబెట్టి పొద్దున ఆ నీళ్ళు తాగమని ఒకరు, కాకరకాయ పచ్చిగా నమలమని ఒకరు, వాళ్ళ బావమరిది అన్నం మానేసి కొర్రలు తిని ఏకంగా మాత్రలే మానేశాడని ఒకరు. ఆ బావమరిది ఇప్పుడెలా ఉన్నాడని అడిగితే మాట మార్చేస్తారు. షుగరు లేని మనిషి నడిరోడ్డు మీద, గాలికి బయల్దేరిన సాయంత్రంపూట, మూడు బళ్ళ మధ్య నిలబడి, రేపటి నుంచి రాత్రి అన్నం మానేస్తానని మాటిచ్చి బయటపడవలసి వస్తుంది. ఇదంతా ప్రేమేనని తెలుసు. తెలిసినంత మాత్రాన ఒక పూట షికారు తిరిగొస్తుందా? వరసగా నాలుగు సాయంత్రాలు ఇదే తంతు అయినప్పుడు ప్రేమ మీద కూడా కొంచెం విసుగు పుట్టడం సహజం.

దీనికి పూర్వపు రాజులు మార్గం చూపించకపోలేదు. ఇదే తీరాన పడమరగా చినగంజాం దగ్గర మోటుపల్లి ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్ళు. తాను సుంకం మించి ముట్టుకోనని, వర్తకులు నిర్భయంగా రావచ్చని గణపతిదేవుడు రాతి మీద చెక్కించాడు. షికారుకొచ్చిన వాళ్ళ విషయంలో అలాంటి రాయి ఒకటి బస్టాండు దగ్గర పాతిస్తే చాలు. ఒక ప్రశ్న సుంకంగా వసూలు చేసుకోవచ్చు. మిగతా సరుకు మనిషికే వదిలెయ్యాలి.

ఇంతకీ చూడవలసినవి ఉన్నాయి. జెట్టీ దగ్గర తెల్లవారుజామున వేట నుంచి బోట్లు వస్తాయి. ఐసు పెట్టెలు దించుతారు, వేలం మొదలవుతుంది. పండుగప్ప, చందువా, వంజరం, కానాగంతలు, పీతలు, రొయ్య. వేలంపాటలో ఆడవాళ్ళ గొంతు ముందు మగవాళ్ళ గొంతు ఆనదు. ఊరికే చూస్తూ నిలబడినవాణ్ణి పాటగాడనుకుని అతని కనురెప్పలకు కూడా ధర కట్టే ప్రమాదం ఉంది. పోటుకు ఏటిలో నీరు పైకి నడుస్తుంది, పాటుకు బురద బయటపడి దాని మీద కొంగలు దిగుతాయి. అవతలి గట్టున మడచెట్లు వేళ్ళు నీళ్ళలో పాతుకుని నిలబడి ఉంటాయి. అడవులదీవి అని పక్కనే ఒక ఊరుంది. ఆ పేరు వింటేనే ఈ తీరం ఒకప్పుడు ఎలా ఉండేదో తెలుస్తుంది.

ఇప్పుడు అడవి ఉండాల్సిన చాలా చోట్ల రొయ్యల చెరువులున్నాయి. ఏరేటర్లు నీళ్ళు చిలుకుతూ రాత్రింబవళ్ళు తిరుగుతాయి. షికారుకొచ్చిన మనిషిని పొమ్మనే చోటు ఈ మండలంలో ఇదొక్కటే. గట్టు మీద కాలు పెడితే కాపలా మనిషి దూరాన్నించే కేకేస్తాడు. బయటి కాళ్ళతో వైరస్ వస్తుందని భయం. తెల్లమచ్చల రోగం ఒక చెరువులో దిగితే రైతు ఎకరాలకెకరాలు పోగొట్టుకుంటాడు, కనుక ఆ భయంలో అన్యాయం లేదు. ఎందాకా అని అడక్కుండా పొమ్మన్న మనిషి మీద ఆ సాయంత్రం కలిగే కృతజ్ఞత మాత్రం మాటల్లో చెప్పలేనిది.

దృశ్యాలకు మంచి కాలం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తూర్పు తీరంలో ఆ 61 రోజులూ మరబోట్లకు వేట నిషేధం. బోట్లన్నీ రేవులో పక్కపక్కన కట్టేసి ఉంటాయి. రంగులు వేస్తుంటారు, వలలు అల్లుతుంటారు. బొమ్మ గీసుకునేవాడికి ఇంతకంటే అదృష్టం లేదు. నడిచేవాడికి ఇంతకంటే దురదృష్టమూ లేదు, ఎందుకంటే సముద్రంలో ఉండవలసిన మగవాళ్ళందరూ అప్పుడు రోడ్డు మీదే ఉంటారు, చేతిలో పనేమీ ఉండదు.

పదకొండో నంబరు మిగిలింది. దానికి గాలితో నేరుగా సంబంధం లేదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక కబురు రాదు, రేవే తన సంగతి చూసుకోవాలి అని దాని అర్థం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. ఏటికి ఇవతల ఈ తీరాన్నీ వదల్లేదు. పోయినవాళ్ళు వేలల్లో. అలాంటి రాత్రి గడిచాక మిగిలినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడిగే ప్రశ్నలు పెద్దగా ఉండవు. ఎటు పోయాడు? ఎవరితో ఉన్నాడు? ఆఖర్న ఎక్కడ చూశారు? బోటు చెప్పిన రోజుకు తిరిగి రానప్పుడు ఇప్పటికీ అవే ప్రశ్నలు. పొద్దు వాలాక సముద్రం వైపు ఒంటరిగా పోయే మనిషిని చూసి ఇక్కడ గ్లాసు నోటి దగ్గర ఆగిపోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. అడిగి పెట్టుకుంటే, రేపెవరైనా వచ్చి అడిగితే చెప్పడానికుంటుంది.

గుంటూరులో అపార్టుమెంటు చుట్టూ రోజూ ఇరవై చుట్లు తిరిగే మనిషిని ఎందాకా అని ఎవరూ అడగరు. మూడేళ్ళలో ఒక్కరూ అడగలేదు. నాలుగు రోజులు అతను కిందికి దిగకపోయినా, తలుపు ముందు పాల ప్యాకెట్లు పేరుకుంటే తప్ప వాచ్‌మన్‌కు తెలియదు. షికారులో పదకొండో నంబరు అది. దాన్ని ఎగరేయడానికి ఊళ్ళో స్తంభం లేదు.

నిజాంపట్నంలో సూర్యుడు సముద్రంలో మునగడు, నేల వైపు చెరువుల మీద మునుగుతాడు. ఏరేటర్ల నురగ కాసేపు ఎర్రగా ఉండి ఆరిపోతుంది. ఆ వేళకు బస్టాండు చాలా దూరంలో ఉంటుంది. ఏడో నంబరు బండొకటి వెనక నుంచి వస్తుంది, సీటు తుడుస్తారు, ఈసారి మనిషి ఎక్కుతాడు. దించినాయన డబ్బు తీసుకోడు, కాకరకాయ మరిచిపోవద్దని చెప్పి వెళ్ళిపోతాడు. రేపల్లె బస్సు సిద్ధంగా ఉంటుంది. కండక్టరు వచ్చి, టిక్కెట్ల మిషను మీద వేలు పెట్టి, అలవాటుగా అడుగుతాడు.

"ఎందాకా?"

"రేపల్లె. అక్కణ్ణుంచి తెనాలి, అక్కణ్ణుంచి గుంటూరు. ఇంకా రిటైరవలేదు. షుగరు లేదు."